‘ఫిల్ ఇట్ ఇన్’ కరెక్టయితే ‘లుక్ ఇట్ ఎట్’ ఎందుకు తప్పు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు గాజువాక నుంచి పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసుకి వెళ్తారు, ఓడల కాగితాల పని చూస్తారు. మీ మెయిళ్ళలో ‘ఫిల్ ఇన్ ఇట్’, ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’, ‘డిస్కస్ అబౌట్ ఇట్’ అని రాసిన చోటల్లా మేనేజరు గారు ఎర్రగీత పెడుతున్నారు. ‘ఫిల్ ఇట్ ఇన్’ అనాలని చెప్పారు. సరే కదా అని అదే లెక్కన ‘లుక్ ఇట్ ఎట్’ అని రాస్తే దానికీ గీత పడింది. ‘ఇట్’ ఎక్కడ పెట్టాలో తేల్చే రూలు ఏదైనా ఉందా, లేక ప్రతి క్రియనీ బట్టీ పట్టాల్సిందేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. రూలు ఉంది. అయితే అది ‘ఇట్’ని చూసి తేలేది కాదు, క్రియ పక్కనున్న చిన్నమాటను చూసి తేలేది. ఆ చిన్నమాట క్రియలో భాగమైతే సర్వనామం ఆ రెండిటి మధ్యకి వస్తుంది: ఫిల్ ఇట్ ఇన్, పిక్ హిమ్ అప్, సెండ్ దెమ్ బ్యాక్. ఆ చిన్నమాట తన తర్వాత వచ్చే నామవాచకానికి చెందినదైతే సర్వనామం కూడా దాని తర్వాతే వస్తుంది: లుక్ ఎట్ ఇట్, వెయిట్ ఫర్ హిమ్, లిజన్ టు దెమ్. ఇక ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘డిస్కస్’ల సంగతి వేరు. ఒక క్రియ తన పక్కకి మనిషిని నేరుగా రానిస్తుందా, ప్రిపోజిషన్ తోడుంటేనే రానిస్తుందా అన్నది ఆ క్రియను బట్టి ఉంటుంది. అక్కడ కొంత కంఠస్థం తప్పదు. కానీ ఏది కంఠస్థం చెయ్యాలో తెలిస్తే బరువు చాలా తగ్గుతుంది.

ద్వారకానగర్‌లో ఉద్యోగస్తులకి ఇంగ్లీషు చెప్పడం నా వృత్తి. రుషికొండ ఐటీ కంపెనీల పిల్లలూ వస్తారు, మీలాగే పోర్టు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళూ వస్తారు. మీరు రాసిన తప్పులు నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూసేవే, వాటి వెనక కారణాలు కూడా దాదాపు ఒకటే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ చిన్నమాటల సంగతి. క్రియలో భాగమైన చిన్నమాటని పార్టికిల్ అంటారు, నామవాచకానికి చెందినదాన్ని ప్రిపోజిషన్ అంటారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అక్కడే చిక్కు. ‘హీ రాన్ అప్ ద హిల్’, ‘హీ రాన్ అప్ ద బిల్’. మొదటిదాంట్లో కుర్రాడు కైలాసగిరి కొండ పైకి పరుగెత్తాడనుకోండి. ‘అప్ ద హిల్’ ఒక ముక్క, పరుగు ఎటువైపో అది చెబుతుంది. రెండోదాంట్లో అతను హోటల్లో బిల్లు పెంచేశాడు. ‘రాన్ అప్’ ఒక ముక్క, ‘ద బిల్’ ఇంకో ముక్క. ఇప్పుడు కొండ బదులూ బిల్లు బదులూ ‘ఇట్’ పెట్టండి. కొండకి ‘హీ రాన్ అప్ ఇట్’. బిల్లుకి ‘హీ రాన్ ఇట్ అప్’. రెండు వాక్యాల్లోనూ మాటలు అవే, ‘ఇట్’ కూర్చునే చోటు మాత్రం వేరు.

ఏది ఏదో తెలుసుకోడానికి నేను వాడే పరీక్షలు మూడు.

నామవాచకాన్ని జరిపి చూడండి. ‘ఫిల్ ఇన్ ద ఫామ్’ అనొచ్చు, ‘ఫిల్ ద ఫామ్ ఇన్’ అని కూడా అనొచ్చు. జరిగింది కాబట్టి ‘ఇన్’ పార్టికిల్. ‘లుక్ ఎట్ ద ఫామ్’ అనొచ్చు గానీ ‘లుక్ ద ఫామ్ ఎట్’ అని ఎవరూ అనరు. జరగలేదు కాబట్టి ‘ఎట్’ ప్రిపోజిషన్. నామవాచకానికి జరిగే వీలుందంటే, దాని బదులు వచ్చే సర్వనామం జరిగే తీరాలి. నామవాచకానికి అది ఐచ్ఛికం, సర్వనామానికి తప్పనిసరి. మీ మేనేజరు గారి మొదటి గీతకి కారణం ఇదే.

మధ్యలో ఒక క్రియావిశేషణం దూర్చి చూడండి. ‘లుక్ కేర్‌ఫుల్లీ ఎట్ ఇట్’ చక్కగా ఉంటుంది. ‘ఫిల్ కేర్‌ఫుల్లీ ఇన్ ద ఫామ్’ అంటే వాక్యం విరిగిపోతుంది. క్రియకీ పార్టికిల్‌కీ మధ్య అలాంటి మాట పట్టదు, క్రియకీ ప్రిపోజిషన్‌కీ మధ్య పడుతుంది.

చెవితో వినండి. ‘ఫిల్ ఇట్ ఇన్’ అన్నప్పుడు చివరి ‘ఇన్’ గట్టిగా పలుకుతుంది, ‘ఇట్’ నలిగిపోతుంది. ‘లుక్ ఎట్ ఇట్’ అన్నప్పుడు ‘లుక్’ గట్టిగా పలికి, మిగతా రెండూ ‘ఎటిట్’ అని కలిసిపోతాయి. పార్టికిల్‌కి ఊనిక ఉంటుంది, ప్రిపోజిషన్‌కి మామూలుగా ఉండదు. వింటూ వింటూ ఉంటే ఈ పరీక్ష మొదటి రెండిటికన్నా త్వరగా పనిచేస్తుంది.

ఆ ఊనికలోనే సర్వనామం మధ్యకి ఎందుకొస్తుందో కూడా ఉంది. ఇంగ్లీషు వాక్యం చివరి చోటు మామూలుగా కొత్త సంగతికీ, గట్టిగా పలికే మాటకీ దక్కుతుంది. ‘ఇట్’, ‘హిమ్’, ‘దెమ్’ అంటే ఇద్దరికీ ముందే తెలిసిన విషయం, పలుకులో బలహీనమైన మాటలు. అవి చివర నిలబడలేక లోపలికి జరిగి, ఊనిక పట్టగల పార్టికిల్‌కి చివరి చోటు వదిలిపెడతాయి. ఇదే కారణంతో పొడుగాటి కర్మ (ఆబ్జెక్ట్) చివరికి పోతుంది. ‘సంతకం లేకుండా వచ్చిన బీఎల్‌లన్నీ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడకెక్కిన సరుకుకి రసీదు) వెనక్కి పంపండి’ అని రాయాలంటే ‘సెండ్ బ్యాక్ ఆల్ ద బీఎల్స్ దట్ కేమ్ వితౌట్ ఎ సిగ్నేచర్’ అంటాం. ఆ ‘బ్యాక్’ని అంత దూరం తీసుకెళ్ళి చివర పెడితే చదివేవాడికి ఊపిరాడదు. అదే ఆ బీఎల్‌లన్నిటినీ ‘దెమ్’ చేసేస్తే ‘సెండ్ దెమ్ బ్యాక్’.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. ఈ తప్పనిసరి నియమం ‘మీ’, ‘యు’, ‘హిమ్’, ‘హర్’, ‘ఇట్’, ‘అస్’, ‘దెమ్’ అనే వాటికే. ‘సమ్‌వన్’, ‘సమ్‌థింగ్’, ‘దిస్ వన్’ లాంటివి సర్వనామాల జాబితాలో ఉన్నా నామవాచకాల్లాగే నడుస్తాయి. ‘ఐ హావ్ టు పిక్ అప్ సమ్‌వన్ ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ నిక్షేపంగా చెప్పొచ్చు. అలాగే ‘ఆమెని కాదు, అతన్ని’ అని వేలు పెట్టి చూపిస్తున్నట్టు ఒత్తి పలికితే ‘పిక్ అప్ హిమ్, నాట్ హర్’ కూడా వినబడొచ్చు. ఊనిక వచ్చింది కాబట్టి చివరి చోటు దక్కింది. అది అరుదు, మెయిల్లో ఆ అవసరం రాదు.

చిన్నమాటల్ని మూడు గుంపులు చేసుకుంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఎట్, ఫర్, ఫ్రమ్, విత్, ఇన్‌టు, ఒకే ‘ఎఫ్’ ఉన్న ఆఫ్, ఇవి ప్రిపోజిషన్లే. వీటి తర్వాతే సర్వనామం. ‘అవే’, ‘బ్యాక్’, ‘అపార్ట్’, ‘టుగెదర్’, ఇవి ఎప్పుడూ పార్టికిల్సే. వీటి ముందే సర్వనామం: టేక్ ఇట్ అవే, కీప్ ఇట్ బ్యాక్, పుట్ దెమ్ టుగెదర్. మిగిలినవి అప్, డౌన్, ఇన్, ఆన్, రెండు ‘ఎఫ్’లున్న ఆఫ్, ఓవర్, త్రూ, అరౌండ్ లాంటివి. ఇవి రెండు వేషాలూ వేస్తాయి, పరీక్షలు పెట్టాల్సింది వీటికే. ‘పుట్ ఇట్ ఆన్’, కానీ ‘సిట్ ఆన్ ఇట్’. ‘హ్యాండ్ ఇట్ ఓవర్’, కానీ ‘గెట్ ఓవర్ ఇట్’. నాకు బాగా నచ్చిన జంట ఇంకోటుంది: ‘సీ ఇట్ త్రూ’ అంటే మొదలుపెట్టిన పనిని చివరికంటా నడిపించడం, ‘సీ త్రూ ఇట్’ అంటే ఎదుటివాడి నాటకాన్ని కనిపెట్టేయడం. ‘ఇట్’ ఒక్క అడుగు జరిగితే అర్థమే మారిపోయింది.

కోచింగ్ పుస్తకాల వల్ల మనవాళ్ళకి ఒక పెద్ద ఇబ్బంది వస్తోంది. ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ అప్’, ‘కమ్ అక్రాస్’, ‘కాల్ ఆఫ్’ అన్నిటినీ ఫ్రేజల్ వెర్బ్స్ అనే ఒకే శీర్షిక కింద అక్షరక్రమంలో పేర్చేస్తారు. అర్థం ఇస్తారు గానీ ‘ఇట్’ ఎక్కడ కూర్చుంటుందో చెప్పరు. చదివినవాడు ‘అర్థం కొత్తగా ఉంటే అది విడిపోయే క్రియ’ అనుకుంటాడు. అది నిజం కాదు. ‘లుక్ ఆఫ్టర్’కి అర్థం పూర్తిగా మారింది, అయినా ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనే అంటాం. ‘కమ్ అక్రాస్ ఇట్’, ‘రన్ ఇన్‌టు హిమ్’ కూడా అంతే. మరోవైపు ‘టేక్ ఇట్ అవే’లో అర్థం ఏమీ మారలేదు, అయినా విడిపోతుంది. అర్థం చూసి చోటు తేల్చకండి, పరీక్ష పెట్టి తేల్చండి.

ఈ కష్టం మన ఒక్కరిదే అనుకోకండి. 1755లో తన నిఘంటువుకి రాసిన ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్, క్రియ తర్వాత చిన్నమాట చేరి అర్థం మారే ఈ పద్ధతి పరదేశీయులకి అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుందని రాశాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు చాలా తర్వాత, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పాడు.

మూడు మాటల క్రియలు చూడ్డానికి భయపెడతాయి గానీ కొత్త రూలేమీ అక్కర్లేదు. ‘పుట్ అప్ విత్ ఇట్’, ‘రన్ అవుట్ ఆఫ్ ఇట్’, ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’. చివరి చిన్నమాట ప్రిపోజిషన్, కాబట్టి ‘ఇట్’ దాని తర్వాతే. ఇద్దరికీ చోటున్నవి కొన్ని ఉంటాయి: ‘టాక్ హిమ్ అవుట్ ఆఫ్ ఇట్’, ‘టేక్ ఇట్ అవుట్ ఆన్ మీ’. పార్టికిల్‌కి ముందొకటి, ప్రిపోజిషన్‌కి తర్వాతొకటి.

ఇప్పుడు మీరు అడగనిది, కానీ మీ మెయిల్లో నాకు కనబడింది. మీరు పెట్టిన ముక్కలో ‘ప్లీజ్ ఫిల్ ఇన్ ఇట్ అండ్ సెండ్’ అని ఉంది. ‘ఇట్’ చోటు తప్పిన సంగతి మీ మేనేజరు గారు చూశారు. ‘సెండ్’ తర్వాత అసలు ‘ఇట్’ లేని సంగతి మీరిద్దరూ వదిలేశారు. నన్నడిగితే మన తెలుగువాళ్ళకి చోటు తప్పిన ‘ఇట్’కన్నా మాయమైన ‘ఇట్’తోనే ఎక్కువ బాధ.

కారణం మన భాషలోనే ఉంది. ‘ఫామ్ నింపావా?’ ‘నింపాను.’ ‘పంపావా?’ ‘పంపేశాను.’ ఎంత నిండుగా ఉంది! ‘దాన్ని నింపాను, దాన్ని పంపేశాను’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలిసిన కర్మని తెలుగు మళ్ళీ చెప్పదు. ఇంగ్లీషులో మాత్రం ఫిల్, సెండ్, బ్రింగ్, లైక్ లాంటి క్రియలకి కర్మ పైకి కనబడాలి, వేరే మాట లేకపోతే ‘ఇట్’ అయినా ఉండాలి. ‘డిడ్ యు బ్రింగ్ ద ఫైల్?’ అని అడిగితే మనవాళ్ళు ‘యెస్, ఐ బ్రాట్’ అని ఆపేస్తారు. ‘ఐ బ్రాట్ ఇట్’ అనాలి, లేదా ‘యెస్, ఐ డిడ్’ అని సరిపెట్టాలి. ‘హౌ వాజ్ ద బీచ్?’ అంటే ‘వియ్ ఎంజాయ్డ్ ఎ లాట్’ అంటారు. ‘వియ్ ఎంజాయ్డ్ ఇట్’ అనో ‘వియ్ ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్’ అనో అనాలి. ఒక అమ్మాయి ఇంటర్వ్యూ ప్రాక్టీసులో తన ప్రాజెక్టు గురించి చెబుతూ ‘ఐ డిజైన్డ్, టెస్టెడ్ అండ్ సబ్‌మిటెడ్’ అని ముగించింది. ఏం తయారుచేసిందో ముందు వాక్యంలో ఉంది, తెలుగు చెవికి ఏ లోటూ లేదు. ఇంగ్లీషు చెవి మాత్రం చివరి మాట కోసం కాచుకుని కూర్చుంటుంది. ‘ఐ డిజైన్డ్ ఇట్, టెస్టెడ్ ఇట్ అండ్ సబ్‌మిటెడ్ ఇట్’ అనిపించాను. ‘మేడమ్, ఇన్ని ఇట్‌లా?’ అని అడిగింది. ‘ఐ డిజైన్డ్, టెస్టెడ్ అండ్ సబ్‌మిటెడ్ ఇట్’ అని చివర ఒక్కటి పెట్టినా చాలు. సున్నా మాత్రం కుదరదు.

‘డిస్కస్ అబౌట్’ ఎందుకు తప్పు? ‘డిస్కస్’ తన కర్మని నేరుగా తీసుకుంటుంది: డిస్కస్ ఇట్. అంతే. తెలుగులో ‘దాని గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ఆ ‘గురించి’ ఇంగ్లీషులోకి ‘అబౌట్’ అయి నడిచొస్తుంది. ఇంకో కారణం ఇంగ్లీషులోనే ఉంది. ‘డిస్కషన్’ అనే నామవాచకానికి ‘అబౌట్’ కావాలి: ‘ఎ డిస్కషన్ అబౌట్ ఫ్రెయిట్’. నామవాచకానికి తగిలించిన ప్రిపోజిషన్‌ని మనవాళ్ళు క్రియకి కూడా తగిలించేస్తారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ ఆఫీసు మెయిళ్ళలో వచ్చే తప్పుల్లో పెద్ద గుంపు పోతుంది. ‘రిక్వెస్ట్ ఫర్ ఎ బెర్త్’ నామవాచకంగా సరే, క్రియగా ‘వియ్ రిక్వెస్ట్ ఎ బెర్త్’. ‘ఎంఫసిస్ ఆన్ సేఫ్టీ’ సరే, క్రియగా ‘ఎంఫసైజ్ సేఫ్టీ’. ‘ఎంట్రీ ఇన్‌టు ద హార్బర్’ సరే, క్రియగా ‘ఎంటర్ ద హార్బర్’. ‘కాంటాక్ట్ విత్ హిమ్’ సరే, క్రియగా ‘కాంటాక్ట్ హిమ్’. యాక్సెస్, ఆన్సర్, అప్రోచ్, డిమాండ్, లేకపోవడమనే అర్థమున్న లాక్, అన్నీ ఇదే వరస. అనుమానం వస్తే క్రియ తర్వాత ‘ఇట్’ పెట్టి పైకి అనండి: రిక్వెస్ట్ ఇట్, ఎంటర్ ఇట్, అప్రోచ్ ఇట్. ‘రీచ్’కి నామవాచకం జంట ఇలా లేదు గానీ అదీ నేరుగానే: ‘ద షిప్ రీచ్డ్ వైజాగ్’, మధ్యలో ‘టు’ లేదు. ఒప్పందం చేసుకోవడమనే అర్థంలో ‘ఎంటర్ ఇన్‌టు ఎన్ అగ్రిమెంట్’ మాత్రం సరైనదే.

‘డిస్కస్ అబౌట్’ మన దేశంలో పెద్ద చదువులు చదివినవాళ్ళ నోటా వినిపిస్తుంది, వేరే దేశాల ఇంగ్లీషుల్లోనూ ఉంది. క్యాంటీన్లో ఎవరైనా అంటే నేను దిద్దను. మీరు రాసేది విదేశీ ప్రిన్సిపల్స్‌కి, అంటే మీ ఏజెన్సీ ఎవరి తరఫున పనిచేస్తుందో ఆ కంపెనీలకి, కాబట్టి మెయిల్లోంచి తీసేయండి.

‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ సంగతి. తెలుగులో నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు వివరించు, నాకు ఫోన్ చెయ్యి, నాకు తలుపు తియ్యి, అన్నిటికీ ఒకే ‘నాకు’. ఇంగ్లీషులో ఆ ‘నాకు’ మూడు రకాలుగా చీలిపోతుంది. ‘గివ్ మీ’, ‘టెల్ మీ’, ‘కాల్ మీ’లో ఏ ప్రిపోజిషనూ లేదు. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’, ‘రిప్లై టు మీ’లో ‘టు’ ఉంది. ‘ఓపెన్ ద డోర్ ఫర్ మీ’లో ‘ఫర్’ ఉంది.

ఏది ఏ వరసలోకి పోతుందో ఊహించడానికి ఒక ఆనవాలుంది, కచ్చితమైన చట్టం కాదు. గివ్, టెల్, సెండ్, షో, టీచ్, లెండ్, సెల్ లాంటి పొట్టి పాత క్రియలు మనిషిని నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటాయి. లాటిన్ నుంచో ఫ్రెంచి నుంచో వచ్చిన పొడుగు క్రియలు, ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, మెన్షన్, సజెస్ట్, అనౌన్స్, ఇంట్రడ్యూస్, డెమాన్‌స్ట్రేట్ లాంటివి, ‘టు’ అడుగుతాయి. ఎదురు నడిచేవి రెండు వైపులా ఉన్నాయి. ‘సే’ పొట్టిది, పాతది, అయినా ‘సే ఇట్ టు మీ’. ‘ప్రామిస్’ లాటిన్‌ది, అయినా ‘ప్రామిస్ మీ’. ‘సజెస్ట్ మీ ఎ గుడ్ హోటల్’ అని చాలామంది అంటారు. అక్కడ ‘మీ’నే తీసేసి ‘ప్లీజ్ సజెస్ట్ ఎ గుడ్ హోటల్’ అంటే చాలు.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. ‘ఆయనకి తెలియజేయండి’లో ‘కి’ ఉంది కదా అని ‘ఇన్‌ఫామ్ టు హిమ్’ అంటారు. ‘ఇన్‌ఫామ్ హిమ్’ అనాలి. ఏ సంగతో చెప్పాలంటే ‘ఇన్‌ఫామ్ హిమ్ ఆఫ్ ద డిలే’. ‘నాతో అన్నాడు’లోంచి ‘హీ టోల్డ్ విత్ మీ’ వస్తుంది. ‘హీ టోల్డ్ మీ’ చాలు. ఈ అర్థంలో ‘టెల్’కి మనిషి పక్కనుండాలి, ‘హీ టోల్డ్ దట్ ద వెసెల్ ఈజ్ లేట్’ అంటే ఎవరికి చెప్పాడో లేక వాక్యం కుంటుతుంది. మనిషిని చెప్పడం ఇష్టం లేకపోతే ‘హీ సెడ్’ వాడండి.

రెండు సర్వనామాలు పక్కపక్కన వస్తే ‘గివ్ ఇట్ టు మీ’, ‘సెండ్ దెమ్ టు హర్’ అని రాయండి. బ్రిటన్‌లో ‘గివ్ మీ ఇట్’ వింటారు, అక్కడి ఉత్తరాది జిల్లాల్లో ‘గివ్ ఇట్ మీ’ కూడా. విని కంగారు పడకండి, మీరు వాడనూ వద్దు.

మీ వృత్తికి పనికొచ్చే ఇంకో రకం చెబుతాను. లోడ్, సప్లై, ప్రొవైడ్ లాంటి క్రియలకి రెండు దారులున్నాయి, ఏ దారిలో పోతే ‘ఇట్’ దేన్ని సూచిస్తుందో మారిపోతుంది. ‘దే లోడెడ్ ఐరన్ ఓర్ ఆన్‌టు ద షిప్’, ‘దే లోడెడ్ ద షిప్ విత్ ఐరన్ ఓర్’. మొదటిదాంట్లో ఓడలోకి కొంత ఖనిజం ఎక్కించారంతే. రెండోది వింటే ఓడ నిండిందనే భావన వస్తుంది. ఇప్పుడు ‘ఇట్’ పెట్టండి. ‘లోడ్ ఇట్ ఆన్‌టు ద షిప్’ అన్నప్పుడు ‘ఇట్’ ఖనిజం. ‘లోడ్ ఇట్ విత్ ఓర్’ అన్నప్పుడు ‘ఇట్’ ఓడ. అలాగే ‘సప్లై వాటర్ టు ద షిప్’, ‘సప్లై ద షిప్ విత్ వాటర్’. ప్రిపోజిషన్ తప్పు పెడితే చదివేవాడు ‘ఇట్’ని వేరేదనుకుంటాడు. ఇది ఎర్రగీతతో పోయే తప్పు కాదు, పని తేడా వచ్చే తప్పు. 2001లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఆమోదించిన ప్రామాణిక ఇంగ్లీషు వాక్యాలు మీకు తెలిసే ఉంటాయి. అందులో లంగరు వదలమనే ఆదేశం ‘లెట్ గో పోర్ట్ యాంకర్’ (ఇక్కడ ‘పోర్ట్’ అంటే ఓడ ఎడమవైపు) అని ఏ లంగరో పేరు పెట్టి చెబుతుంది. రేడియోలో మాట్లాడేటప్పుడు మీరు కూడా ‘ఇట్’ మానేసి వస్తువు పేరే చెప్పండి.

ఇక అన్నిటికన్నా లోతుగా పాతుకున్న తప్పు. మీ మెయిల్ ముక్కలో ‘ది ఏజెంట్ ఐ స్పోక్ యెస్టర్‌డే’ అని ఉంది. ‘ది ఏజెంట్ ఐ స్పోక్ టు యెస్టర్‌డే’ అని ఉండాలి. ఆ ‘టు’ ఎక్కడికి పోయింది?

తెలుగులో ఎలా అంటామో చూడండి. ‘నేను ఏజెంట్‌తో మాట్లాడాను’ అన్నప్పుడు ‘తో’ ఉంది. ‘నేను మాట్లాడిన ఏజెంట్’ అనగానే ‘తో’ మాయమైంది. ‘ఎంవీపీ కాలనీలో ఉంటాను’లో ‘లో’ ఉంది, ‘నేను ఉండే కాలనీ’లో లేదు. ‘ఏయూలో చదివాను’, కానీ ‘నేను చదివిన యూనివర్సిటీ’. ‘కత్తితో కోశాను’, కానీ ‘నేను కోసిన కత్తి’. విశేషణంగా మారగానే తెలుగు క్రియ ఆ విభక్తిని మింగేస్తుంది, వినేవాడు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాడు. ఇంగ్లీషు మింగదు. క్రియతో వచ్చిన ప్రిపోజిషన్, నామవాచకం ముందుకి వెళ్ళిపోయినా అక్కడే ఉండిపోవాలి: ‘ద కాలనీ ఐ లివ్ ఇన్’, ‘ద నైఫ్ ఐ కట్ ఇట్ విత్’, ‘ద షిప్ వియ్ ఆర్ వెయిటింగ్ ఫర్’. ప్రశ్నల్లోనూ అంతే. ‘వాట్ ఆర్ యు లుకింగ్?’ కాదు, ‘వాట్ ఆర్ యు లుకింగ్ ఎట్?’.

వాక్యం చివర ప్రిపోజిషన్ ఉండకూడదని బడిలో నేర్పినవాళ్ళు ఉంటారు, అందుకని కొందరు తెలిసీ తీసేస్తారు. ఆ అభ్యంతరం పాతది. 1672లో కవి జాన్ డ్రైడెన్ తనకు ముందుతరం నాటక రచయిత బెన్ జాన్సన్ వాక్యాల్లో దీన్ని తప్పు పట్టాడు. అంతకు ముందూ ఆ తర్వాతా మంచి ఇంగ్లీషు రాసినవాళ్ళు ప్రిపోజిషన్‌తో వాక్యం ముగిస్తూనే ఉన్నారు. మీకు అలా రాయడం మొహమాటమైతే ‘ది ఏజెంట్ టు హూమ్ ఐ స్పోక్’ అని ముందుకి తెచ్చుకోండి. ముందుంచినా వెనకుంచినా మీ ఇష్టం, పారేయడానికి మాత్రం వీల్లేదు. ఈ తప్పు పట్టుకోడానికి ఒక దారి ఉంది: ఆ ముక్కని మామూలు వాక్యంగా తిప్పి, నామవాచకం బదులు సర్వనామం పెట్టండి. ‘ఐ స్పోక్ టు హిమ్’. ‘హిమ్’ని తీసేస్తే మిగిలిందేమిటి? ‘ఐ స్పోక్ టు’. అదే రాయాలి.

దిద్దితే మీ మెయిల్ ముక్క ఇలా ఉంటుంది: ‘ప్లీజ్ ఫిల్ ఇట్ ఇన్ అండ్ సెండ్ ఇట్ బ్యాక్. ఇఫ్ యు హావ్ ఎనీ క్వశ్చన్స్, ప్లీజ్ రిప్లై టు మీ. ది ఏజెంట్ ఐ స్పోక్ టు యెస్టర్‌డే విల్ డిస్కస్ ఇట్ విత్ యు.’ ‘ఫిల్’ విషయంలో బ్రిటిష్ వాడుక ‘ఫిల్ ఇన్’, అమెరికన్ వాడుక ‘ఫిల్ అవుట్’. మన దగ్గర ‘ఫిల్ అప్’ ఎక్కువ. ఏది వాడినా ‘ఇట్’ మధ్యలోనే.

చిన్న విషయం ఒకటి, త్వరగా చెప్పేస్తాను. ‘గొడుగు మీతో తీసుకెళ్ళండి’ అన్నదానికి ‘టేక్ ఎన్ అంబ్రెల్లా విత్ యు’. ‘యువర్‌సెల్ఫ్’ అక్కర్లేదు. చోటు చెప్పే ప్రిపోజిషన్ల తర్వాత మామూలు సర్వనామమే సరిపోతుంది: ‘క్లోజ్ ద డోర్ బిహైండ్ యు’, ‘ఐ హావ్ ఇట్ విత్ మీ’. క్రియ తనతో కట్టేసుకున్న ప్రిపోజిషన్ అయితే మాత్రం ‘సెల్ఫ్’ కావాలి: ‘షీ ఈజ్ టాకింగ్ టు హర్‌సెల్ఫ్’.

నేర్చుకునే పద్ధతి. క్రియని ఒంటరిగా రాసుకోకండి, సర్వనామాలతో సహా రాసుకోండి. నోటుబుక్కులో ‘డిస్కస్ అంటే చర్చించు’ అని కాదు, ‘డిస్కస్ ఇట్ విత్ హిమ్’ అని రాయండి. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’. ‘రిమైండ్ మీ ఆఫ్ ఇట్’. ‘బ్లేమ్ హిమ్ ఫర్ ఇట్’, దాని పక్కనే ‘బ్లేమ్ ఇట్ ఆన్ హిమ్’. ‘థ్యాంక్ హిమ్ ఫర్ ఇట్’. ‘లుక్ ఇట్ అప్’, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’, ‘లుక్ ఫర్ ఇట్’. సర్వనామం చిన్నది కాబట్టి క్రియ అస్థిపంజరం స్పష్టంగా కనబడుతుంది. రోజూ నాలుగు పైకి చదివితే నోరే అలవాటు పడుతుంది, ఆ తర్వాత ‘ఇట్’ బదులు ఏ నామవాచకం పెట్టినా చట్రం చెదరదు.

ఏ నిఘంటువు చూడాలని కూడా అడిగారు కదా. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అర్థానికి మంచిదే, చట్రం మాత్రం అందులో దొరకదు. నేర్చుకునేవాళ్ళ కోసం తయారైన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు తీసుకోండి. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ. ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో అక్కడే వెలువడింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్ళీ అచ్చు వేసింది. ఏ క్రియ ఏ చట్రంలో నడుస్తుందో నమూనాలతో చూపడం దాని ప్రత్యేకత. ఇప్పటి లెర్నర్స్ డిక్షనరీల్లో ‘సమ్‌బడీ’, ‘సమ్‌థింగ్’ అన్న మాటల్ని పొట్టి చేసి ఎస్‌బీ, ఎస్‌టీహెచ్ అని వేస్తారు. మనవాళ్ళు వాటిని దాటేసి అర్థంలోకి దూకుతారు. మీరు మాత్రం ముందు వాటినే చూడండి. ఆ గుర్తు క్రియకీ చిన్నమాటకీ మధ్య ఉంటే ‘ఇట్’ చోటు మధ్యలో, చివర ఉంటే చివర.

మొదలుపెట్టడానికి వేరే పుస్తకం కొనక్కర్లేదు. మీ సెంట్ ఫోల్డర్ తెరిచి కిందటి వారం మెయిళ్ళలో మీరు వాడిన క్రియలు ఏరండి. షిప్పింగ్ ఆఫీసు మెయిళ్ళలో తిరిగేవి కొన్నే: సెండ్, ఫార్వర్డ్, ఇన్‌ఫామ్, కన్‌ఫర్మ్, రిక్వెస్ట్, అరేంజ్, డిస్కస్, సబ్‌మిట్, రిప్లై, వెయిట్, లోడ్, సప్లై. ఒక్కోదానికీ సర్వనామాలతో ఒక వాక్యం రాసి ఈ ప్రశ్న కిందే పెట్టండి, చూసి చెబుతాను. ‘అరేంజ్’ దగ్గర కాస్త ఆగి ఆలోచించండి: ‘అరేంజ్ ఇట్’ కూడా ఉంది, ‘అరేంజ్ ఫర్ ఇట్’ కూడా ఉంది, మీ పనిలో రెండూ వస్తాయి.